మట్టి కోర్టుకు వచ్చేసరికి టెన్నిస్ లెక్కలు ఎందుకు తారుమారవుతాయి?

క్లుప్తంగా: ఏప్రిల్ మొదటి వారం నుంచి జూన్ రెండో వారం దాకా సాగే మట్టి కోర్టు సీజన్‌లో కోర్టులన్నీ ఎర్రగా ఒకేలా కనిపిస్తాయి. ఆట మాత్రం ఊరు మారితే మారిపోతుంది. ఎత్తు, తేమ, ఎండ, పైకప్పు ఇవన్నీ బంతి వేగాన్ని మారుస్తాయి. ర్యాంకులు 52 వారాల లెక్క మీద నడుస్తాయి కాబట్టి సెమీఫైనల్‌కు వెళ్ళినవాళ్ళ ర్యాంకు కూడా పడిపోవచ్చు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చూసేవాళ్ళకు ఏడాది మొత్తంలో వేళలు బాగా కుదిరే సీజన్లలో ఇదొకటి. కాకపోతే అదే సమయంలో ఐపీఎల్ ఉంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో విజయనగరం గంటస్తంభం దగ్గరైనా, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనైనా ఆటల మాట వచ్చిందంటే అది క్రికెట్ మాటే. టెన్నిస్ బంతి అన్నా ముందుగా గుర్తొచ్చేది వేసవి సెలవుల క్రికెట్టే. అయినా పేపర్లో ఆటల పేజీ కింది మూలన, ఫోన్లో వచ్చే నోటిఫికేషన్లలో టెన్నిస్ వార్తలు ఈ రోజుల్లోనే ఎక్కువగా కనిపిస్తాయి. వాటిలో సగం తికమక పెట్టేవే. టాప్ సీడ్ (టోర్నీలో అగ్రస్థానం ఇచ్చిన ఆటగాడు) రెండో రౌండ్‌లో ఇంటికి, నిన్న కప్పు గెలిచినవాడు వారం తిరక్కుండా అవుట్, ఫైనల్‌కు వెళ్ళినా ర్యాంకులో కదలిక లేదు. జనవరిలో ఆస్ట్రేలియాలో, మార్చిలో అమెరికాలో అందరినీ ఓడించినవాళ్ళకు ఏప్రిల్‌లో ఒక్కసారిగా ఏమైనట్టు?

కారణాలు మూడు చోట్ల ఉన్నాయి: కోర్టు కింద, క్యాలెండర్‌లో, పాయింట్ల పట్టికలో. మొదటిది అర్థమైతే మిగతావి తేలిక.

కోర్టు కింద ఉన్నది

పారిస్‌లో ఫ్రెంచ్ ఓపెన్ జరిగే (ఇక్కడ ‘పారిస్’ అంటే ఆ టోర్నీయే) రోలాండ్ గారోస్ కోర్టు మీద ఎర్రగా కనిపించేది పొలం మట్టి కాదు, ఇటుకల పొడి. పాత ఇళ్ళ గోడలకు సున్నంలో కలిపి వాడిన ఇటుక పొడి లాంటిదే, ఇంకాస్త మెత్తగా ఉంటుంది. అది కూడా ఒకటి రెండు మిల్లీమీటర్ల మందమే. దాని కింద దంచిన తెల్ల సున్నపురాయి పొర, ఆ కింద బొగ్గు కాలగా మిగిలిన చిట్టెం, కంకర, అడుగున పెద్ద రాళ్ళు ఉంటాయి. వాన నీరు ఇంకడానికి, తేమ నిలవడానికి ఈ పొరల అమరిక. తేమ మరీ తగ్గితే పొడి గాలికి లేచిపోతుంది, మరీ ఎక్కువైతే బురదవుతుంది. అందుకే రోజూ కోర్టును తడపడం, సెట్టుకూ సెట్టుకూ మధ్య వలతో ఊడ్చి చదును చేయడం.

ఇటుక పొడి టెన్నిస్‌లోకి ఎలా వచ్చిందో చెప్పే కథ ఒకటి ప్రచారంలో ఉంది. 1880ల్లో ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని కాన్ పట్టణంలో పచ్చిక కోర్టులు ఎండకు మాడిపోతుంటే, ఇంగ్లండ్ ఆటగాళ్ళు రెన్‌షా సోదరులు పక్క ఊరు వల్లోరిస్ నుంచి పగిలిన కుండల పొడి తెప్పించి వాటిపై చల్లించారట. వివరాలు ఎలా ఉన్నా, ఎండ దేశాల్లో గడ్డి కోర్టును కాపాడటం కష్టమన్నది మాత్రం నిజం. స్పెయిన్, ఇటలీ, అర్జెంటీనాల నుంచి మట్టి కోర్టు ఆటగాళ్ళు ఎక్కువగా రావడానికి మూలం అక్కడుంది.

ఇక బంతి సంగతి. నేలను తాకినప్పుడు బంతి ముందుకు దూసుకుపోవాలా, ఆగి పైకి లేవాలా అన్నది ప్రధానంగా రాపిడి మీద ఆధారపడి ఉంటుంది. పచ్చిక నున్నగా ఉంటుంది కాబట్టి బంతి జారి, తక్కువ ఎత్తులో దూసుకువస్తుంది. ఇటుక పొడి మీద రాపిడి ఎక్కువ. బంతి అక్కడ క్షణంలో కొంత సేపు పట్టుబడినట్టై, ముందుకు పోయే వేగాన్ని బాగా కోల్పోయి ఎత్తుగా లేస్తుంది. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య కోర్టుల వేగానికి అంకెలు ఇస్తుంది. 29, అంతకన్నా తక్కువ వస్తే నెమ్మది కోర్టు, 45, అంతకన్నా ఎక్కువ వస్తే వేగం కోర్టు. మట్టి కోర్టులు సాధారణంగా నెమ్మది వైపే ఉంటాయి.

ఈ చిన్న తేడా ఆట మొత్తాన్ని మార్చేస్తుంది. గంటకు 200 కిలోమీటర్ల సర్వీస్ కూడా మట్టిని తాకాక కాస్త మెత్తబడుతుంది, అవతలివాడికి సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. ఏస్‌లు (అవతలివాడు తాకలేని సర్వీస్‌లు) తగ్గుతాయి, సర్వీస్ బ్రేక్‌లు (సర్వీస్ చేసినవాడు గేమ్ ఓడటం) పెరుగుతాయి, ర్యాలీలు సాగుతాయి. సర్వీస్‌ను నమ్ముకున్నవాడికి ఇక్కడ ఉచిత పాయింట్లు దొరకవు. పీట్ సాంప్రాస్ 14 గ్రాండ్‌స్లామ్‌లు (ఏటా జరిగే నాలుగు అతిపెద్ద టోర్నీలు) గెలిచాడు, అందులో ఏడు వింబుల్డన్‌లే. పారిస్‌లో మాత్రం ఫైనల్ కూడా చూడలేదు. 1996 సెమీఫైనలే అక్కడ అతని గరిష్ఠం.

రెండో వైపు రఫెల్ నడాల్. బంతికి విపరీతమైన టాప్‌స్పిన్ (ముందుకు దొర్లే తిప్పుడు) ఇచ్చి కొడితే మట్టి మీద అది భుజం ఎత్తుకు లేస్తుంది. ఎడమచేతి వాటం కాబట్టి ఆ బంతి కుడిచేతి ఆటగాళ్ళ బ్యాక్‌హ్యాండ్‌కు పోయేది. ఒంటిచేత్తో బ్యాక్‌హ్యాండ్ ఆడే రోజర్ ఫెదరర్‌కు పారిస్‌లో ఎదురైన చిక్కు ముడి ఇదే. పారిస్‌లో నడాల్ రికార్డు 112 గెలుపులు, నాలుగు ఓటములు, 14 కప్పులు. 2005 నుంచి 2007 దాకా మట్టిపై వరసగా 81 మ్యాచ్‌లు గెలిచాడు. ఆ వరసను హాంబర్గ్ ఫైనల్లో తెంచింది కూడా ఫెదరరే. ఈ అంకెలను ఒక్క ప్రతిభ ఖాతాలోనే వేయడం సరికాదు. ఒక ఆట తీరుకు ఒక నేల ఇంతగా కలిసొచ్చిన సందర్భం టెన్నిస్‌లో మరొకటి కనిపించదు.

జారడం కూడా ఒక విద్యే. మట్టి మీద పరుగు ఆపి కొట్టరు. జారుతూ బంతి దగ్గరికి చేరి, జారుడు ఆగే క్షణంలో కొడతారు. చిన్నప్పటి నుంచి సిమెంటు కోర్టుల మీద పెరిగినవాళ్ళు కొట్టాక జారతారు. దాంతో తిరిగి మధ్యకు రావడానికి ఒక అడుగు ఆలస్యం. టీవీలో చూస్తున్నప్పుడు ఆటగాడు మట్టికి అలవాటు పడ్డాడా లేదా తెలుసుకోవడానికి స్కోరు కన్నా కాళ్ళను గమనించడం నయం.

వారానికో రకం

క్రికెట్ చూసేవాళ్ళు టాస్‌కు ముందే పిచ్ రిపోర్టు వింటారు. మట్టి సీజన్‌కూ అలాంటిది ప్రతి వారం అవసరం, కానీ వార్తల్లో అది దొరకదు. అన్నింటినీ ‘క్లే’ అని ఒకే గాటన కట్టేయడం వల్లే ఈ తికమకలో ఎక్కువ భాగం పుడుతుంది.

మార్చి చివర మయామీలో సిమెంటు కోర్టు టోర్నీ ముగియగానే హ్యూస్టన్, మరాకెష్, బుకారెస్ట్‌లలో చిన్న టోర్నీలు మొదలవుతాయి. మహిళలు అమెరికాలోని చార్ల్‌స్టన్‌లో ఆడేది ఆకుపచ్చ మట్టి మీద. అది ఇటుక పొడి కాదు, దంచిన నల్లరాతి రకం. ఎర్రమట్టి కన్నా కాస్త వేగం. స్టట్‌గార్ట్‌లో మహిళల టోర్నీ ఇంకో వింత: మట్టి కోర్టే గానీ ఇండోర్ స్టేడియంలో. ఎండ, గాలి ఏవీ ఉండవు కాబట్టి బలంగా కొట్టేవాళ్ళకు కలిసొస్తుంది. అక్కడ గెలిచినవాళ్ళను చూసి పారిస్ గురించి జోస్యం చెప్పడం తొందరపాటే.

పురుషుల్లో మొదటి పెద్ద పోటీ ఏప్రిల్‌లో మోంటెకార్లో మాస్టర్స్ (గ్రాండ్‌స్లామ్‌ల తరవాతి స్థాయి). (పేరు మొనాకోది, కోర్టులున్నది సరిహద్దు దాటి ఫ్రాన్స్ నేల మీద.) సముద్రం ఒడ్డు, ఇంకా చలి వదలని గాలి, బంతి బరువుగా, నెమ్మదిగా వస్తుంది. మాస్టర్స్ స్థాయి టోర్నీల్లో అగ్రశ్రేణి ఆటగాళ్ళు ఆడక తప్పదన్న నిబంధన లేనిది ఇదొక్కటే కాబట్టి కొందరు విశ్రాంతి కోసం దీన్ని వదిలేస్తారు. ఆ తరవాతి వారం బార్సిలోనా, మ్యూనిక్.

అసలు తేడా మాడ్రిడ్‌లో కనిపిస్తుంది. ఆ నగరం సముద్ర మట్టానికి సుమారు 650 మీటర్ల ఎత్తున ఉంది. అరకు లోయ అంత ఎత్తు కూడా కాదు గానీ టెన్నిస్ బంతికి అది చాలు. గాలి సాంద్రత సుమారు ఏడు శాతం తగ్గుతుంది, బంతికి గాలిలో అడ్డు తగ్గుతుంది, కొట్టిన దెబ్బ అనుకున్నదాని కన్నా దూరం పోతుంది. అందుకే మట్టి కోర్టే అయినా సర్వీస్ బలంగా ఉన్నవాళ్ళు ఇక్కడ తల ఎత్తుతారు. 2024లో మాడ్రిడ్ గెలిచిన ఆండ్రీ రుబ్లెవ్ పారిస్‌లో మూడో రౌండ్‌లో ఓడాడు. 2025లో గెలిచిన కాస్పర్ రూడ్ రెండో రౌండ్‌లోనే వెనుదిరిగాడు, అతనికి మోకాలి నొప్పి కూడా తోడైంది. మహిళల్లో ఇది అంత గట్టిగా వర్తించదు: 2024లో ఇగా స్వియాటెక్ రెండూ గెలిచింది, 2025లో మాడ్రిడ్ విజేత అరీనా సబలెంక పారిస్ ఫైనల్ దాకా వెళ్ళింది.

మాడ్రిడ్ ఒకసారి ఇంకా దూరం వెళ్ళింది. 2012లో టీవీలో బంతి బాగా కనబడాలని నీలి రంగు మట్టి వేశారు. కోర్టు జారుడుగా ఉందని నడాల్, నొవాక్ జొకోవిచ్ మండిపడ్డారు. ఆ ఏడు ఫెదరర్ గెలిచాడు, మరుసటి ఏడు నీలి మట్టి మాయమైంది.

రోమ్ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ తక్కువ ఎత్తు, నెమ్మది బంతి, సాయంత్రాల తేమ. పారిస్‌కు దగ్గరి పోలిక ఉన్నది ఇదే. 2025లో రోమ్ ఫైనల్లో ఇటలీ ఆటగాడు యానిక్ సినర్‌ను ఓడించిన కార్లోస్ అల్కరాజ్, మూడు వారాల తరవాత పారిస్ ఫైనల్లోనూ అతన్నే ఓడించాడు. స్వియాటెక్ 2022లో, 2024లో రెండు చోట్లా గెలిచింది. పారిస్ గురించి అంచనా వేయాలంటే రోమ్ చివరి నాలుగు రోజులు చూడటం మేలు.

మాడ్రిడ్, రోమ్ రెండూ 2023 నుంచి దాదాపు రెండేసి వారాల టోర్నీలయ్యాయి. డ్రా (ఆడేవాళ్ళ జాబితా) 96 మందికి పెరిగింది, సీడ్‌లకు మొదటి రౌండ్ బై, అంటే ఆడకుండానే రెండో రౌండ్. దీనివల్ల మ్యాచ్‌ల మధ్య ఒక రోజు విశ్రాంతి దొరుకుతుంది. కానీ మొదట్లోనే ఓడినవాళ్ళు పది రోజులు ఖాళీగా కూర్చోవాలి. వాళ్ళ కోసమే రెండో వారంలో ‘ఛాలెంజర్ 175’ పేరుతో పెద్ద ఛాలెంజర్ (ప్రధాన టూర్‌కు కింది స్థాయి) టోర్నీలు పెట్టారు. మాడ్రిడ్ రెండో రౌండ్‌లో ఓడిన ఆటగాడి పేరు మూడు రోజుల తరవాత ఫ్రాన్స్‌లో ఏదో చిన్న ఊరి డ్రాలో కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇక పారిస్‌లో ఒకే కోర్టు ఒకే రోజు రెండు రకాలుగా ఉంటుంది. మధ్యాహ్నం ఎండలో మట్టి ఎండి, బంతి వేడెక్కి ఎత్తుగా ఎగురుతుంది. రాత్రి చలికి, తేమకు బంతి బరువెక్కి కింద కింద వస్తుంది. రాత్రి సెషన్లు 2021లో మొదలయ్యాయి. 2022 క్వార్టర్‌ఫైనల్‌కు ముందు నడాల్ పగలు ఆడాలని, జొకోవిచ్ రాత్రి ఆడాలని కోరుకోవడానికి కారణం ఇదే. మ్యాచ్ రాత్రే జరిగింది, నడాల్ గెలిచాడు. ప్రధాన కోర్టుకు 2020లో, రెండో కోర్టుకు 2024లో పైకప్పు వచ్చింది. అది మూస్తే గాలి ఆగి పరిస్థితి ఇంకోలా మారుతుంది.

సెమీస్ చేరినా ర్యాంకు ఎందుకు పడుతుంది

ర్యాంకు అంటే గడిచిన 52 వారాల్లో సంపాదించిన వాటిలో లెక్కకు వచ్చే పాయింట్ల మొత్తం. పోయిన ఏడాది ఇదే టోర్నీలో వచ్చిన పాయింట్లు ఈ ఏడాది అదే టోర్నీ వచ్చేసరికి రాలిపోతాయి, కొత్తవి వాటి స్థానంలో చేరతాయి. ‘పాయింట్లు కాపాడుకోవాలి’ అని వార్తల్లో రాసేది దీన్నే. గ్రాండ్‌స్లామ్ విజేతకు 2000, మాస్టర్స్ స్థాయి విజేతకు 1000, ఆ కింద 500, 250.

స్వియాటెక్ లెక్క చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. 2024లో మాడ్రిడ్, రోమ్, పారిస్ మూడూ ఆమే గెలిచింది: 1000, 1000, 2000, మొత్తం 4000. 2025లో మాడ్రిడ్ సెమీస్‌కు 390, రోమ్ మూడో రౌండ్‌కు 65, పారిస్ సెమీస్‌కు 780. మొత్తం 1235. రెండు పెద్ద టోర్నీల్లో సెమీస్ చేరడమంటే ఎవరికైనా మంచి సీజనే. ఆమె ఖాతాలో మాత్రం 2765 పాయింట్లు కరిగిపోయి, సీజన్ మొదట్లో రెండో స్థానంలో ఉన్న ర్యాంకు ఏడుకు దిగింది.

సినర్‌ది తిరగేసిన కథ. 2025లో డోపింగ్ కేసులో మూడు నెలల నిషేధం వల్ల మోంటెకార్లో, మాడ్రిడ్ ఆడలేదు, అయినా నంబర్ వన్‌గానే రోమ్‌కు వచ్చాడు. ముందు సంపాదించినది అంత పెద్ద మొత్తం, పైగా వెంబడించేవాళ్ళు ఆ మూడు నెలల్లో సరిపడా గెలవలేదు. 2024లో గాయంతో రోమ్ ఆడలేదు కాబట్టి, 2025 రోమ్ ఫైనల్‌కు వచ్చిన 650 పాయింట్లూ అతనికి పూర్తిగా అదనమే. ఓటమి వార్త చూసినప్పుడు పోయిన ఏడాది అదే టోర్నీలో అతను ఎక్కడిదాకా వెళ్ళాడో చూస్తే సగం అర్థమైపోతుంది.

బంతి పడిన గుర్తు, యంత్రం మాట

మట్టి మీద బంతి పడితే మచ్చ మిగులుతుంది. దశాబ్దాలుగా అంపైర్ కుర్చీ దిగి వచ్చి, ఆ మచ్చ చూసి తీర్పు చెప్పడం ఆనవాయితీ. 2025 నుంచి పురుషుల టూర్‌లో మట్టి కోర్టుల మీద కూడా కెమెరాల యంత్రమే లైన్ కాల్ చేస్తోంది. ఆ ఏడు మాడ్రిడ్‌లో యంత్రం లోపల పడిందన్న బంతి మచ్చ బయట ఉన్నట్టు కనిపించేసరికి అలెగ్జాండర్ జ్వెరెవ్ ఫోన్ తీసి ఫొటో తీసుకున్నాడు, హెచ్చరిక కూడా అందుకున్నాడు. పొడి పలచగా ఉన్నచోట మచ్చ చిన్నగా, మందంగా ఉన్నచోట పెద్దగా పడుతుంది, గీత దగ్గర మరీను. కంటికి కనిపించే గుర్తు కూడా నూటికి నూరు శాతం నిజం కాదన్నమాట. పారిస్ మాత్రం 2025లో లైన్ జడ్జీలతోనే నడిచింది. ఒకే సీజన్‌లో రెండు న్యాయాలు కాబట్టి గొడవలు తప్పవు.

ఉత్తరాంధ్ర గడియారం

ఫ్రాన్స్, స్పెయిన్, ఇటలీ వేసవి వేళకు మన వేళ మూడున్నర గంటలు ముందు. పారిస్‌లో ఉదయం 11కు మొదలయ్యే ఆట ఇక్కడ మధ్యాహ్నం రెండున్నరకు. రెండు ఫైనల్స్‌కూ అక్కడ మధ్యాహ్నం మూడు, ఇక్కడ సాయంత్రం ఆరున్నర. మయామీలో రాత్రి ఏడు గంటల మ్యాచ్ ఇక్కడ తెల్లవారుజామున నాలుగున్నరకు వస్తుంది. దాంతో పోలిస్తే ఇది హాయి. వడగాడ్పులకు బయట తిరగలేని మే మధ్యాహ్నాల్లో, సెలవుల్లో ఉన్న పిల్లలకు, పెద్దలకు మొదటి వారం మ్యాచ్‌లు సరిగ్గా కుదురుతాయి. ఇబ్బంది పెట్టేది రాత్రి సెషన్ ఒక్కటే: పారిస్ ఎనిమిదింపావు అంటే ఇక్కడ పావు తక్కువ పన్నెండు.

పోటీ ఐపీఎల్‌తోనే. ఏడున్నరకు ఇంట్లో టీవీ క్రికెట్‌కు వెళ్ళిపోతుంది, టెన్నిస్ ఫోన్‌కు దిగుతుంది. ప్రసార హక్కులు కూడా ఒకచోట ఉండవు. గ్రాండ్‌స్లామ్ ఒకరి దగ్గర, మిగతా టూర్ మరొకరి దగ్గర, అవీ కొన్నేళ్ళకు చేతులు మారుతుంటాయి. మోంటెకార్లో చూసిన యాప్‌లో పారిస్ దొరక్కపోవడం మామూలే. ఆపైన సాయంత్రం ఈదురుగాలికి కరెంటు పోతే లైవ్ స్కోరే దిక్కు.

2025 జూన్ 8 ఫైనల్ ఈ గడియారానికి మంచి ఉదాహరణ. ఇక్కడ ఆరున్నరకు మొదలైన మ్యాచ్ అర్ధరాత్రి వేళ ముగిసింది: 5 గంటల 29 నిమిషాలు, పారిస్ చరిత్రలో అన్నిటికన్నా పొడవైన ఫైనల్. సినర్ మొదటి రెండు సెట్లు గెలిచి, నాలుగో సెట్‌లో మూడు మ్యాచ్ పాయింట్ల దాకా వచ్చాడు. అల్కరాజ్ వాటిని కాచుకుని 4-6, 6-7, 6-4, 7-6, 7-6తో గెలిచాడు. భోజనాల వేళకు ‘అయిపోయింది’ అనుకుని టీవీ కట్టేసినవాళ్ళకు పొద్దున్నే వేరే వార్త ఎదురైంది.

మనవాళ్ళ పేర్లు సింగిల్స్‌లో ఎందుకు కనపడవు

డబుల్స్‌లో భారత్‌కు పారిస్ కొత్త కాదు. మన దేశానికి తొలి గ్రాండ్‌స్లామ్ టైటిల్ వచ్చిందే అక్కడ: 1997లో మహేష్ భూపతి, జపాన్‌కు చెందిన రికా హిరాకితో మిక్స్‌డ్ డబుల్స్ గెలిచాడు. 1999, 2001లో పేస్, భూపతి జోడీ. 2012లో భూపతితో కలిసి సానియా మీర్జా. 2017లో రోహన్ బోపన్న. సింగిల్స్‌లో మాత్రం 2024 మోంటెకార్లోలో సుమిత్ నాగల్ అర్హత పోటీలు గెలిచి క్వాలిఫయర్‌గా వచ్చి మాటియో ఆర్నాల్డిని ఓడించడమే పెద్ద వార్త అయింది. మట్టిపై మాస్టర్స్ మెయిన్ డ్రాలో భారత ఆటగాడు సింగిల్స్ మ్యాచ్ గెలవడం అదే తొలిసారి.

డబుల్స్‌లో చేతి చురుకు, వల దగ్గర ఆట, సర్వీస్ ముఖ్యం. నేల ప్రభావం కాస్త తక్కువ. సింగిల్స్‌లో నేలదే పెత్తనం. మన పట్టణాల క్లబ్బుల్లో గ్రావెల్ తడిపి, రోలర్ తిప్పి, సున్నంతో గీతలు గీసిన మట్టి కోర్టులు పాతకాలం నుంచీ ఉన్నా, అవి యూరప్ ఇటుక పొడి కోర్టులు కావు. గట్టిగా అణిచిన నేల కాబట్టి అంతగా జారలేం, బంతి అంత ఎత్తుకు లేవదు. రోజూ నీళ్ళు, మనిషి కావాలి కాబట్టి అవీ క్రమంగా సింథటిక్‌కు మారిపోతున్నాయి. మన దేశంలో జరిగే ఛాలెంజర్లు ఎక్కువగా హార్డ్ కోర్టులవే. విశాఖలో స్థిరపడిన సాకేత్ మైనేని లాంటి పొడగరి సర్వీస్ ఆటగాడు డబుల్స్‌లో ఆసియా క్రీడల పతకాల దాకా ఎదగడం ఈ వాతావరణానికి సహజమైన ఫలితం. నాగల్ మట్టిపై రాణించడానికి అతను యూరప్‌లో శిక్షణ పొంది, అక్కడి మట్టి ఛాలెంజర్లలో ఏళ్ళ తరబడి ఆడటమే కారణం. ఆ ఖర్చు భరించడం ఎంతమందికి సాధ్యమన్నది వేరే వ్యాసానికి సరిపడే ప్రశ్న.

పారిస్ తరవాత

జూన్‌లో మట్టి సీజన్ ముగియగానే నేల పూర్తిగా తిరగబడుతుంది, ఇక వింబుల్డన్ పచ్చిక. ఎత్తుగా లేచే బంతి నుంచి మోకాళ్ళ ఎత్తులో జారే బంతికి మారడానికి ఒకప్పుడు రెండు వారాలే ఉండేది, 2015 నుంచి మూడు వారాలైంది. అయినా ఒకే ఏడాది పారిస్, వింబుల్డన్ రెండూ గెలవడం అరుదే. ఓపెన్ యుగంలో (1968లో ప్రొఫెషనల్ ఆటగాళ్ళకూ ప్రవేశం ఇచ్చినప్పటి నుంచి) 2025 దాకా పురుషుల్లో అది చేసినవాళ్ళు ఆరుగురు: లేవర్, బోర్గ్, నడాల్, ఫెదరర్, జొకోవిచ్, అల్కరాజ్. మహిళల్లో 2015లో సెరెనా విలియమ్స్ తరవాత 2025 దాకా ఎవరూ లేరు. 2025లో మాడ్రిడ్, రోమ్ ఫైనల్స్ ఓడి పారిస్ గెలిచిన కోకో గాఫ్, వింబుల్డన్‌లో మొదటి రౌండ్‌కే ఇంటిదారి పట్టింది. మట్టి మీద 2765 పాయింట్లు పోగొట్టుకుని ఎనిమిదో సీడ్‌గా దిగిన స్వియాటెక్, ఫైనల్లో 6-0, 6-0తో అదే వింబుల్డన్ ఎత్తుకుపోయింది.